'రిగ్రెట్' పదము: అర్థపరిణామము, ప్రయోగచరిత్ర

ఆంగ్లభాషలోని 'రిగ్రెట్' అను పదమునకు తెలుగున ఏ పదము వ్రాయవలెనని విద్యార్థు లడిగినప్పుడు సాధారణముగా మనము 'పశ్చాత్తాపము' అని బదులు చెప్పుచుందుము. చాలచోట్ల ఆ బదులు సరిపోవును. సరిపోనిచోట మాత్రము అది కేవలము పదదోషముగా నిలిచిపోక చరిత్రదోషముగా పరిణమించును. 2019 ఏప్రిల్ 10వ తేదీన బ్రిటిషు ప్రధానమంత్రి థెరిసా మే కామన్సు సభలో జలియన్‌వాలాబాగు మారణకాండను ప్రస్తావించుచు, అచ్చట జరిగినదానికిని, దానివలన కలిగిన బాధకును తాము గాఢముగా 'రిగ్రెట్' చేయుచున్నామని పలికెను. క్షమాపణ యను మాట ఆమె నోట రాలేదు. అదే సభలో ప్రతిపక్షనాయకుడైన జెరెమీ కార్బిన్ లేచి, సంపూర్ణమును స్పష్టమును అగు క్షమాపణ కావలెనని కోరెను. ఆమె మాటను 'పశ్చాత్తాపము' అని తెలిగించినచో ఆమె ఈయనిదానిని మనము ఆమెచేత ఇప్పించినవార మగుదుము. ఇట్లేల జరుగునో తెలిసికొనుటకు ఆ పదమును పుట్టుకనుండి చూడవలసియున్నది.

ఈ పదము ఆంగ్లమునకు ఫ్రెంచినుండి వచ్చినది. ప్రాచీన ఫ్రెంచిలో దీని క్రియారూపమునకు మృతులనుగూర్చి విలపించుట యని అర్థము. క్రీ. శ. 1100 ప్రాంతమున వెలసిన 'రోలాండు గీతము' అను వీరగాథలో, యుద్ధభూమిని పడియున్న మేనల్లునిచూచి షార్లెమేన్ చక్రవర్తి చేసిన విలాపమును తెల్పుటకు కవి ఈ క్రియనే వాడెను. ఆ చక్రవర్తి అచ్చట తన తప్పును ఒప్పుకొనుట లేదు. ఆప్తుని కోలుపోయి ఏడ్చుచున్నాడు. మన పల్లెలలో శోకములు పెట్టి యేడ్చుట అందురే, ఈ పదమునకు తొలి నెలవు అట్టిదే. ఇక ఈ ఫ్రెంచి పదమునకు మూలమేది యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఏడ్చుట యను అర్థముగల జర్మానిక ధాతువొకటి దీనికి మూలమని పలువు రందురు. ప్రాచీన నార్సు భాషలోని 'గ్రాత' ఆ ధాతువునుండి వచ్చినదే. స్కాట్లండు వాడుకలో 'గ్రీట్' అనగా ఏడ్చుట. పలుకరించుట యను అర్థముగల ఆంగ్లపు 'గ్రీట్'తో దీనిని కలిపివేయరాదు.

ఆంగ్లమున ఈ పదము 14వ శతాబ్ది చివర కాననగును. ఆ కాలపు 'పెర్ల్' అను కావ్యమున, చేజారిన ముత్యమువంటి బాలికకై ఒకడు ఒంటరిగా వగచిన వగపును చెప్పుటకు అది వాడబడినది. అందును తప్పు ప్రసక్తి లేదు, ఉన్నది వియోగమే. ఫ్రెంచిలో ఈ పాత అర్థము నేటికిని చావలేదు. దూరమైన మనుష్యులను తలచుకొని బెంగపడుటకు ఫ్రెంచివారు ఈ క్రియనే వాడుదురు. వారి శ్మశానములలో సమాధిఫలకములపై 'శాశ్వతమైన రిగ్రెట్లు' అని చెక్కియుండుట సామాన్యము. ఆ ఫలకమును చూచి, బ్రతికియున్నవాడు చనిపోయినవానికి ఏదో అపకారము చేసెనని ఎవ్వరును అనుకొనరు.

ఆంగ్లమున మాత్రము తరువాతి శతాబ్దులలో పదము కొంత జరిగినది. పోయిన మనిషినుండి పోయిన వస్తువునకును, పోయిన అవకాశమునకును, ఆపైన తాను చేసిన పనికిని, చేయక విడిచిన పనికిని వ్యాపించినది. ఈ తుదిమెట్టున పశ్చాత్తాపార్థము చేరినది. ఐనను మొదటి అర్థము తొలగిపోలేదు. కర్తృత్వము లేని శోకము, కర్తృత్వముగల శోకము అను రెండును ఒకే పదమున నివసించుచున్నవి. ఈ వ్యాసమున చెప్పదలచినదంతయు ఈ సహవాసమునుండి పుట్టినదే.

ఇరుగుపొరుగు పదములతో పోల్చినచో ఈ విషయము తేటపడును. 'రిమోర్స్' లాటినున మరల కరచుట. 1340లో కెంటు మండలపు సన్యాసి యొకడు ఒక ఫ్రెంచి గ్రంథమును అనువదించి, మనస్సాక్షి మరల కరచుట యను అర్థము వచ్చునట్లు దానికి అచ్చమైన ఆంగ్లపు పేరు పెట్టెను. 'కంట్రిషన్' అనగా పిండి పిండి యగునట్లు నలుగుట. 'రిపెంట్' అను క్రియలో పాపస్పృహయు, మార్గము మార్చుకొనుటయు ఇమిడియున్నవి. మన సంస్కృతపదములు పశ్చాత్తాపము, అనుతాపము, పరితాపము అనునవి అన్నియు తాపమును, అనగా వేడిని ఆశ్రయించినవి. ఒకచోట కాటు, ఒకచోట రోలు, ఒకచోట నిప్పు. 'రిగ్రెట్' నందు ఇట్టి దండన యేదియు లేదు, ఒక్క కన్నీరే కలదు.

బైబిలు అనువాదముల చరిత్ర దీనికి మంచి సాక్ష్యము. ఆదికాండము ఆరవ అధ్యాయమున, నరులను సృజించినందుకు దేవుడు నొచ్చుకొనినట్లు చెప్పబడినది. 1611 నాటి రాజానువాదమున ఆ తావున 'రిపెంట్' అను పదము కలదు. తరువాతి కాలపు పాఠకులకు ఇది ఇబ్బంది యైనది. ఏలయన ఆ పదమునకు పాపవాసన అంటుకొనినది, దేవునికి పాపము లేదు. 2011 నాటి న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అచ్చట 'రిగ్రెట్' అని వ్రాసినది. తెలుగు బైబిలున ఆ స్థలమున ఉన్న పదము 'సంతాపము'. మనవా రచ్చట పశ్చాత్తాపమును వాడకుండుట ఎంత జాగ్రత్తతో కూడిన పనియో గమనింపదగును.

ఇక ప్రయోగమును చూతము. ఈ క్రియకు ముందువెనుకల కాలమునుబట్టి రెండు పోకడలు కలవు. 'ఐ రిగ్రెట్ టు సే' అనగా చెప్పుటకు విచారించుచున్నాను; చెప్పవలసిన మాట ఇంకను ముందున్నది. 'ఐ రిగ్రెట్ సేయింగ్' అనగా చెప్పినందులకు విచారించుచున్నాను, మాట జారిపోయినది. తెలుగున 'టకు', 'నందులకు' అనునవి ఈ భేదమును చక్కగా పట్టియిచ్చును, కావున మన విద్యార్థులకు దీనిని బోధించుట కష్టము కాదు. మొదటి పోకడ చెప్పు, తెలియజేయు, ప్రకటించు వంటి కొద్ది క్రియలతోనే పొసగును. అందులో వక్త వార్తాహరుడు మాత్రమే. తప్పు అతనిది కానక్కరలేదు. 1914-18 యుద్ధమున మరణించిన బ్రిటిషు అధికారుల యిండ్లకు తంతివార్తలు ఈ పోకడలోనే వచ్చెను. సామాన్య సైనికుల యిండ్లకు తంతి రాలేదు, అచ్చువేసిన పత్రము టపాలో వచ్చెను. తలుపుతట్టిన కుర్రవాని చేతిలోని కాగితమున 'రిగ్రెట్' అను పదము కనబడినంతనే తక్కినది చదువకయే తెలిసిపోయెడిది. మృతునిగూర్చి విలపించుట యను ప్రాచీనార్థము ఎనిమిది శతాబ్దులు తిరిగి, ప్రభుత్వపు కాగితముమీద మరల ఆ గడపకే వచ్చినది. విందునకు రాజాలమని తెలుపుటకు బహువచనమున 'రిగ్రెట్స్' పంపుటయు ఈ జాతిదే, కాని అందు కన్నీరు పూర్తిగా ఇంకిపోయినది.

విశేషణములలోను ఇట్టి భేద మున్నది. 'రిగ్రెట్‌ఫుల్' మనిషికి చెందును, 'రిగ్రెటబుల్' సంఘటనకు చెందును. మనిషి తనలోని విచారమును తీసి సంఘటనపై నుంచుటకు రెండవది మిక్కిలి అనుకూలము. దీనికి కర్మణిప్రయోగము తోడైనచో కర్త పూర్తిగా మాయమగును. రైల్వే స్టేషనులలో బండి ఆలస్యమైనప్పుడు వినవచ్చు ఆంగ్లప్రకటనలో అసౌకర్యము కలిగించినవారును కనబడరు, విచారించువారును కనబడరు. దాని తెలుగుప్రకటన 'చింతిస్తున్నాము' అని ముగియును. మన క్రియకు పురుషప్రత్యయము లేక గడవదు. కావున ఆంగ్లమున దాగియున్న 'మేము' తెలుగున బయటపడక తప్పినది కాదు. అనువాదకుడు ఎవ్వరో కాని, వ్యాకరణము అతనిచేత రైల్వేవారికన్న ఒక మెట్టు ఎక్కువ ఒప్పుకోలు చేయించినది.

కర్తృత్వము లేని శోకమునకును, దోషమునకును నడుమ ఒక మెట్టు కలదని 1976లో ఆంగ్లతత్త్వవేత్త బెర్నార్డు విలియమ్స్ చూపెను. తన తప్పేమియు లేకుండ ఒక లారీడ్రైవరు బండిక్రింద బిడ్డ పడినచో, అతనికి కలుగు వేదన చూచువారికి కలుగు వేదనవంటిది కాదు. ఇది నా చేతిమీదుగా జరిగినది యను ఎరుక అతనిని వదలదు. దీనికి ఆయన కర్తృసంబంధమైన 'రిగ్రెట్' అని పేరు పెట్టెను. ఈ మెట్టు నిజమైనది, గౌరవింపదగినది. చిక్కేమనగా, నిజముగా దోషముగలవాడును వచ్చి ఈ మెట్టుమీదనే కూర్చుండవచ్చును. న్యాయశాస్త్రము దీనిని త్వరలోనే గుర్తించినది. ప్రమాదములందు సానుభూతి తెల్పినంతమాత్రమున దానిని దోషాంగీకారముగా సాక్ష్యమునకు తీసికొనరాదని అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రము 1986లో శాసనము చేసెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006 నాటి శాసనమున మరియొక అడుగు ముందుకు వేసి, సానుభూతి, 'రిగ్రెట్', దోషాంగీకారముతో కూడిన క్షమాపణ, అన్నిటికిని ఒకే రక్షణ కల్పించెను. మనదేశమున 2019లోనే సుప్రీంకోర్టులో ఒక ధిక్కారవ్యవహారమున, రాజకీయనాయకు డొకరు దాఖలుచేసిన ప్రమాణపత్రములో ఈ పదము ఉండగా న్యాయమూర్తులు దానితో తృప్తిపడలేదు. మే నెలలో బేషరతు క్షమాపణ వేరుగా దాఖలు కావలసివచ్చెను. థెరిసా మే పలికినదియు కోర్టు చాలదన్నదియు కొన్ని వారముల వ్యవధిలో ఒకే పదము.

సామ్రాజ్యచరిత్రలో ఈ పదమునకు పని కల్పించినది ఈ రక్షణయే. 1950ల కెన్యాలో మౌమౌ తిరుగుబాటును అణచునప్పుడు నిర్బంధశిబిరములలో హింస జరిగెను. బ్రతికియున్న వృద్ధులు లండను కోర్టులో వ్యాజ్యము వేసిరి. 2013 జూన్ 6న విదేశాంగమంత్రి విలియం హేగ్ కామన్సు సభలో ఆ హింస జరిగినమాట ఒప్పుకొని, దానికి ప్రభుత్వము 'రిగ్రెట్' తెల్పుచున్నదని ప్రకటించెను. 5,228 మందికి సంబంధించి 1 కోటి 99 లక్షల పౌండ్లు చెల్లించుట కంగీకరించెను. అయినను వలసపాలకుల చర్యలకు తమ ప్రభుత్వము చట్టరీత్యా బాధ్యత వహించుట లేదనియు ఆ నోటితోనే చెప్పెను. సొమ్ము చేతికి వచ్చినది, సంఘటన ఒప్పుకొనబడినది, బాధ్యత మాత్రము రాలేదు. ఈ మూడింటిని ఒకే ప్రకటనలో నిలుపగలిగిన పదము ఆంగ్లమున వేరొకటి మాకు కనబడదు.

జలియన్‌వాలాబాగు విషయమును ఈ వెలుగున చూడవలెను. 1919 ఏప్రిల్ 13న డయ్యరు సైనికులు 1,650 గుండ్లు కాల్చిరి. ప్రభుత్వలెక్క ప్రకారము 379 మంది మరణించిరి. కాంగ్రెసు విచారణలో ఆ సంఖ్య సుమారు వేయి. 1997లో ఎలిజబెత్ రాణి అచ్చటికి వచ్చి పుష్పగుచ్ఛ ముంచెను. 2013లో ప్రధాని డేవిడ్ కామెరన్ సందర్శకుల పుస్తకమున అది మిక్కిలి సిగ్గుపడదగిన ఘటనయని వ్రాసెను, క్షమాపణ వ్రాయలేదు. థెరిసా మే ప్రకటనకు ముందునాడు జరిగిన పార్లమెంటు చర్చలో విదేశాంగశాఖకు చెందిన మంత్రి యొకరు, క్షమాపణవలన ఆర్థికపర్యవసానములు కలుగవచ్చునను శంకను దాచుకొనలేదు. పదములను ఎన్నుకొనునప్పుడు వెనుక నుండు లెక్క ఏదియో ఇంత బాహాటముగా చెప్పినందులకు ఆ మంత్రికి భాషాచరిత్రకారులు కృతజ్ఞులై యుండవలెను.

ఇప్పుడు తెలుగుపదముల సంగతి. పశ్చాత్తాపమున కర్తృత్వము తప్పదు. పరుడు చేసినదానికి ఎవ్వరును పశ్చాత్తాపపడజాలరు. సంతాపము ఇప్పటి వాడుకలో మృతుల కుటుంబములకు తెల్పు మాటగా స్థిరపడినది, దానిలో కర్తృత్వము బొత్తిగా లేదు. ఈ రెంటి నడుమ 'విచారము' కలదు. సంస్కృతమున దీనికి ఆలోచన, పరిశీలన యని అర్థము. తెలుగున దుఃఖార్థము చేరినది, పాత అర్థము విచారణ యను మాటలో నిలిచియున్నది. ఆంగ్లపదమువలె ఇదియు తన తప్పునకును, పరుల కష్టమునకును సమానముగా వర్తించును. కావున పత్రికలవారు 'విచారము వ్యక్తము చేసిరి' అని వ్రాయుట మాకు సరిగా తోచుచున్నది. హంటరు సంఘపు విచారణ 1919లో మొదలైనది, బ్రిటిషు ప్రధాని విచారము 2019లో వెలువడినది.

అన్నిచోట్ల ఒకే పదము పనిచేయునని మాత్రము మేము అనజాలము. షార్లెమేన్ విలాపమునకు, 'పెర్ల్' కావ్యమునకు 'వగపు' అనవలెను. సేయింగ్ వంటి ప్రయోగములలో, చేసినవాడే పలుకుచున్నచోట, 'పశ్చాత్తాపము' అనుటకు అభ్యంతరము లేదు. ప్రభుత్వములు పలుకునప్పుడు మాత్రము 'విచారము' దాటి పోరాదు. 2023 అక్టోబరు 31న నైరోబీలో ఛార్లెస్ రాజు, వలసకాలపు దుష్కృత్యములకు సమర్థన యేదియు లేదని చెప్పుచు, 'సారో' అను పదమును ముందుంచి 'రిగ్రెట్' అను పదమును దానివెంట వాడెను. దానిని తెలుగున 'మిక్కిలి దుఃఖము, గాఢమైన విచారము' అని వ్రాసినచో చాలును. మూడవ పదము రాజు పలుకలేదు.