పక్షపు భృతి - మారిన దేహస్థితి

1933లో విశాఖ ఓడరేవు తెరచునాటికే 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము అమలులో నుండెను. పనిలో గాయపడి కొంతకాలము అశక్తుడైన కూలికి యజమాని పక్షమున కొకమారు భృతి చెల్లింపవలసి యుండెను. అందు ఆరవ సెక్షను మిక్కిలి గమనింపదగినది. దేహస్థితి మారినదని వైద్యుని పత్రముతో మనవి చేసికొన్నచో, కమిషనరు ఆ భృతిని తగ్గింపవచ్చును, ఆపవచ్చును, పెంపవచ్చును కూడ. ఈ చివరిమాట మరువరాదు సుమా! మనవి చేయు హక్కు యజమాని కెంతయో కూలికిని అంతయే. కాలినొప్పి ముదిరినను మౌనము వహించినవాడు పెరుగవలసిన భృతిని తానే పోగొట్టుకొనెడివాడు. యజమాని ఉచితముగా చేయింపబూనిన వైద్యపరీక్షకు ఒప్పుకొననిచో, ఒప్పుకొనువరకు హక్కు నిలిచిపోయెడిది. 1971లో దువ్వాడకు చేరువను ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిననాడును ఈ సెక్షనే అమలులో నుండెను.