కుండీలో మహావృక్షము: బోన్సాయి చరిత్ర

జపాను దేశపు తోటలలో ఒక వింత చెట్టు కానవచ్చును. దాని ఎత్తు మన మోకాలి వరకైనను ఉండదు. కాని దాని కాండము బలిసి, బెరడు పగుళ్ళు వారి, కొమ్మలు ఇరుప్రక్కలకు వాలి, ఏ కొండ అంచుననో నూరేళ్ళు గాలివానలకు ఓర్చిన వృక్షమువలె ఉండును. అది నాటబడినది మాత్రము లోతు తక్కువ పళ్ళెములో. ఇట్టి చెట్లనే బోన్సాయి అందురు. జపాను భాషలో 'బోన్' అనగా పళ్ళెము వంటి తొట్టి. 'సాయి' అనగా నాటుట.

ఈ చెట్టును చూచిన విద్యార్థికి రెండు సందేహములు కలుగును. ఇది పుట్టుకతోనే పొట్టి జాతియా? లేక తిండి పెట్టక మాడ్చుటచే గిడసబారినదా? ఈ రెండును కావు. మరి ఇది ఎట్లు చిన్నదిగా ఉన్నది? ఈ ప్రశ్నకు సమాధానము కొంత వృక్షశాస్త్రములోను, కొంత చరిత్రలోను ఉన్నది.

ఈ కళకు పుట్టినిల్లు చైనా. ఆ దేశమున షాన్షీ రాష్ట్రములో, క్రీ. శ. 706 లో, చాంగ్‌హువాయ్ యువరాజునకు సమాధి నిర్మించిరి. 1971 లో ఆ సమాధిని త్రవ్వినపుడు గోడలపై వర్ణచిత్రములు బయటపడెను. వానిలో ఒక పరిచారిక చిన్న రాళ్ళు, కాయలు గల చిన్న మొక్కలు అమర్చిన పళ్ళెమును చేతబట్టుకొని నిలిచియున్నది. అనగా నేటికి సుమారు పదుమూడు వందల సంవత్సరముల క్రిందటనే అక్కడి రాజభవనములలో ఈ వినోదము ఉండెనన్నమాట. చైనావారు దీనిని పెన్‌జింగ్ అందురు. పళ్ళెములోని దృశ్యము అని దాని అర్థము. కొండ, లోయ, వాగు, చెట్టు వీనినన్నిటిని ఒక పళ్ళెములో ఇముడ్చుటయే వారి ఉద్దేశము.

చైనా నుండి బౌద్ధమతముతో, చిత్రకళతో పాటు ఈ విద్యయు జపాను చేరెను. అక్కడ 1309 నాటి 'కసుగా గొంగెన్ గెంకి' అను చిత్రపటములలో పళ్ళెములలోని చిన్న చెట్లు కనబడును. జపానువారు క్రమముగా కొండలను, వాగులను తగ్గించి, ఒంటరి చెట్టుపైననే దృష్టి నిలిపిరి.

ఆ కాలపువారు ఇట్టి చెట్లకు ఎంత విలువ నిచ్చిరో తెలుపు నాటకమొకటి కలదు. 'హచి నో కి', అనగా కుండీలోని చెట్లు, దాని పేరు. ఒక పేద యోధుడు సర్వస్వము పోగొట్టుకొని గుడిసెలో నివసించుచుండును. అతనికి మిగిలిన సంపద మూడు కుండీచెట్లు మాత్రమే: ఒకటి ప్లమ్, ఒకటి చెర్రీ, ఒకటి పైన్. మంచు కురియు రాత్రి ఒక సన్యాసి ఆశ్రయము కోరి వచ్చును. అతిథికి వెచ్చదనము కలిగించుటకు కట్టెలు లేక, ఆ యోధుడు మూడు చెట్లను నరికి మంట వేయును. ఆ సన్యాసి మారువేషములోనున్న పాలకుడు హోజో తొకియోరి అని తరువాత తెలియును. ఆయన చెట్లకు బదులుగా ఆ యోధునికి మూడు జాగీరులు ఇచ్చును. కథ కల్పితమే కావచ్చును. కాని చెట్టు ఒక్కటికి జాగీరు ఒక్కటి సరిపోవునని ప్రేక్షకులు ఒప్పుకొనిరి గదా!

ఆదిలో ఈ చిన్న చెట్లు ఎక్కడ దొరకినవి? కొండలలో. బండరాళ్ళ పగుళ్ళలో పడిన విత్తనము మొలచును. అచ్చట మన్ను స్వల్పము, నీరు స్వల్పము. వేరు పారుటకు చోటు లేదు. గాలికి చిగుళ్ళు విరుగుచుండును. అట్టి చోట పైన్ చెట్టు నూరేళ్ళు బ్రదికియు మనిషి ఎత్తునకు మించకపోవచ్చును. మన ఊళ్ళలోను దీనికి నిదర్శనము ఉన్నది. పాత గుడి గోపురపు బీటలో మొలచిన రావి మొక్కను చూడుడు. ఎన్నో ఏండ్లు గడచినను అది మూడు నాలుగడుగులు దాటదు. అదే రావి చెరువుగట్టున మొలచినచో ఊరికంతకు నీడనిచ్చును. జాతి ఒక్కటే, భేదము చోటులో నున్నది. జపాను తోటమాలులు కొండలలోని ఇట్టి చెట్లను వేళ్ళతో తెచ్చి కుండీలలో నాటిరి. తరువాత కొండ చేసిన పనిని తమ చేతులతో చేయ నేర్చుకొనిరి.

ఆ పనులు ముఖ్యముగా మూడు. మొదటిది కొన చిగురును తుంచుట. చెట్టు పైకొన పెరుగుచున్నంతకాలము ప్రక్క మొగ్గలు నిద్రించును. కొనను తుంచగానే అవి మేల్కొని కొమ్మలగును. చెట్టు ఎత్తునకు పోక గుబురగును. తోటమాలులు ఎరిగిన ఈ సంగతికి కారణము శాస్త్రజ్ఞులకు చాల కాలమునకు గాని తెలియలేదు. మొలకలు వెలుగు వైపు వంగుటకు కారణమైన ప్రభావమేదో కొననుండి క్రిందికి వచ్చుచున్నదని చార్లెస్ డార్విన్ 1880 లో వ్రాసెను. హాలండు దేశీయుడు వెంట్ 1926-28 లలో ఓటు ధాన్యపు మొలకల కొనలనుండి ఆ పదార్థమును వేరుచేసి చూపెను. అదియే ఆక్సిన్ అను హార్మోను. కొన తీసిన మొక్కకు ఆక్సిన్ పెట్టినచో ప్రక్క మొగ్గలు నిద్ర మేల్కొనవని థీమన్, స్కూగ్ అనువారు 1933 లో నిరూపించిరి. ఈ పనిలో మరికొన్ని హార్మోనులకు, చక్కెరలకు కూడ పాత్ర కలదని ఈ శతాబ్దపు పరిశోధనలు తెలిపినవి.

రెండవది వేళ్ళను కత్తిరించుట. లేత చెట్లను రెండేండ్లకొకసారి, ముదురు పైన్ చెట్లను నాలుగైదేండ్లకొకసారి తొట్టినుండి తీసి, వేళ్ళలో కొంత భాగమును కోసి, క్రొత్త మన్నులో మరల నాటుదురు. లావు వేళ్ళు పోయి సన్నని పీచువేళ్ళు పుట్టును. నీటిని, లవణములను పీల్చునవి ఇవియే. వేరు పీల్చునంతకే ఆకు నిలుచును. ఆకు వండినంతకే వేరు పెరుగును. తోటమాలి ఈ రెంటికి సమతూకము నిలుపును.

మూడవది కొమ్మలను వంచుట. పూర్వము త్రాళ్ళతో, వెదురు బద్దలతో వంచెడివారు. మెయిజీ యుగమున, అనగా 1868 తరువాతి కాలమున, లోహపు తీగ చుట్టి వంచు పద్ధతి వ్యాపించెను. వంచిన కొమ్మలో క్రొత్త కట్టె పేరుకొనగా అది ఆ వంపులోనే స్థిరపడును. అప్పుడు తీగను విప్పవలెను. ఆలస్యమైనచో తీగ బెరడులోనికి దిగి, ఆకులు వండిన ఆహారము క్రిందికి పోవు మార్గమును కోసివేయును.

ఇక మాడ్చుట అను మాట. చెట్టు ఆకలితో నుండిన కొమ్మలు ఎండును గాని అందము రాదు. బోన్సాయికి ఎండ కావలెను, ఎరువు కావలెను, నీరు అన్నిటికంటె ముఖ్యముగా కావలెను. పళ్ళెములో మన్ను కొంచెమే గనుక వేసవిలో ఒక్కదినము మరచినను ప్రమాదమే. నీరు నిలిచినను వేళ్ళు కుళ్ళును. నీరు పోయుట నేర్చుటకే మూడేండ్లు పట్టునని జపాను తోటమాలులలో ఒక సామెత కలదు.

ఇప్పుడు మొదటి సందేహమునకు వత్తము. మూడు వందల ఏండ్ల బోన్సాయి విత్తనమును తీసి నేలలో నాటినచో ఏమగును? మహావృక్షమగును! దాని కొమ్మను అంటుకట్టి నేలలో పెంచినను అంతే. మరియొక సాక్ష్యము: బోన్సాయి ఆకులు చిన్నవగును గాని ఆపిల్ బోన్సాయికి కాచిన కాయ ఆ జాతి కాయ పరిమాణమునకు తగ్గదు. జర్మను శాస్త్రజ్ఞుడు వైస్మన్ 1880 తరువాతి దశకములో ఎలుకల తోకలను తరతరములుగా కోసి, పిల్లలు పూర్తి తోకలతోనే పుట్టుచున్నవని చూపెను. ఆర్జించిన లక్షణములు సంతతికి సంక్రమింపవని ఆయన వాదము. 1909 లో డెన్మార్కు దేశీయుడు యోహాన్‌సెన్, వంశముచే వచ్చినదానిని జన్యురూపమనియు, పరిసరములతో కలిసి బయటికి కనబడుదానిని దృశ్యరూపమనియు వేరుచేసి పేర్లు పెట్టెను. బోన్సాయి జన్యురూపము అడవిచెట్టుదే. దృశ్యరూపము తోటమాలి చేతిది.

దీనినుండి ఒక గంభీరమైన విషయము తేలుచున్నది. బోన్సాయి పొట్టితనమును ఏ విత్తనమును మోయదు. దానిని మోయునవి మనుష్యుల చేతులు మాత్రమే. చెట్టు మనిషికంటె ఎక్కువ కాలము బ్రదుకును గనుక, ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అది మారుచుండవలెను. టోకియోలోని రాజభవనమున ఒక పైన్ బోన్సాయి ఉన్నది. మూడవ షోగన్ ఇయెమిత్సు (1604-1651) దానిని పెంచెనని ప్రతీతి. ఎన్ని తరముల తోటమాలులు దానికి నీరు పోసిరో ఊహింపుడు.

ఈ గొలుసు తెగు ప్రమాదము పలుమారులు వచ్చెను. 1923 సెప్టెంబరు 1 న సంభవించిన మహాభూకంపములో టోకియో నగరము కూలి, కాలిపోయెను. అక్కడి బోన్సాయి పెంపకందార్లు మంచి నీరు, గాలి, మన్ను వెదకుచు ఉత్తరముననున్న ఓమియాకు తరలి 1925 లో ఒక గ్రామమును నెలకొల్పుకొనిరి. అక్కడ నివసింపదలచినవారు పది బోన్సాయిలనైనను పెంచవలెను, తోటను చూడవచ్చువారికి వాకిలి తెరచియుంచవలెను, మేడ కట్టరాదు, గోడకు బదులు పచ్చని కంచె వేయవలెను అని నియమములు చేసికొనిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ తోటలు చాలవరకు మూతపడెను. యుద్ధానంతరము మిగిలినవారే మరల నిలబెట్టిరి. 2010 లో ఓమియాలో ఒక బోన్సాయి ప్రదర్శనశాలయు వెలసెను.

అన్నిటికంటె చెప్పుకొనదగినది హిరోషిమా పైన్ చెట్టు కథ. ఈ తెల్ల పైన్ 1625 నుండి బోన్సాయిగా పెంచబడుచున్నది. 1945 ఆగస్టు 6 ఉదయము అణుబాంబు పడినపుడు అది మసారు యమాకి అను తోటమాలి ఇంట నుండెను. ఆ యిల్లు బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరము. ఇంటి అద్దములు పగిలి లోనివారికి గాయములైనను, తోట చుట్టునున్న ఎత్తైన గోడ చెట్లను కాపాడెను. 1976 లో అమెరికా స్వాతంత్ర్యపు రెండు వందల ఏండ్ల ఉత్సవమునకు జపాను 53 బోన్సాయిలను కానుక పంపెను. యమాకి తన పైన్ చెట్టును వానిలో చేర్చెను. ఏ దేశము బాంబు వేసెనో ఆ దేశమునకే! చెట్టు ఏమి దాటి వచ్చినదో వాషింగ్టన్‌లోని వృక్షవనమువారికి చాల కాలము తెలియలేదు. 2001 లో ఆయన మనుమలు చెట్టును చూడవచ్చి చెప్పగా ఆ సంగతి అక్కడివారికి తెలిసెను. నేడు అమెరికా తోటమాలులు దానికి నీరు పోయుచున్నారు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును పాఠశాలలోనే చూపవచ్చును. ఒకే చెట్టు గింజలనుండి మొలచిన రెండు చింత మొక్కలను తీసికొనుడు. ఒకదానిని ఆవరణలో నేలపై నాటుడు. రెండవదానిని అడుగున రంధ్రము గల లోతు తక్కువ మట్టి తొట్టిలో నాటి ఎండలో ఉంచుడు. తొట్టిలోని దానికి కొనలు తుంచుచు, రెండేండ్లకొకసారి వానల ఆరంభమున వేళ్ళను కొంచెము కోసి మన్ను మార్చుచుండవలెను. ఏటేట రెంటి ఎత్తును కొలిచి వ్రాసియుంచుడు. మొదటి జట్టు విద్యార్థులు చదువు ముగించి వెళ్ళునప్పటికి ప్రయోగము సగమైనను కాదు. అప్పుడు వారు తొట్టిని, లెక్కల పుస్తకమును క్రింది తరగతివారికి అప్పగించి పోవలెను. వేసవి సెలవులలో నీరు పోయువారెవరో ముందే నిర్ణయించుకొనవలెను.