కళింగపట్నం నుండి యుద్ధభూమికి: మన పూర్వికుల జాడలు

ఈ శతాబ్ది సంచికలో గుడులు కట్టించిన గురువులను గూర్చి, బడులు నడిపిన కన్యస్త్రీలను గూర్చి, విచారణలను నిలబెట్టిన పెద్దలను గూర్చి తెలిసినవారు వ్రాస్తున్నారు. అది తగిన పని. మేము మాత్రం ఏ గుడి గోడమీదనూ పేరు చెక్కబడని కొందరిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాము. వారు మన కళింగపట్నం తీరం నుండి, ఆ చుట్టుపట్ల పల్లెల నుండి రెండు ప్రపంచ యుద్ధాలకు వెళ్ళినవారు. కొందరు తిరిగి వచ్చి మన మధ్యనే ముసలివారై కన్నుమూశారు. కొందరు రానేలేదు. వచ్చినవారి కథ మనుమల నోట కొంత మిగిలింది. రానివారిని గూర్చి చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మేమనగా ఒకే ఇంటి అన్నదమ్ముల బిడ్డలము నలుగురము. మా ముత్తాత జాడ తీయబోయి మేము నేర్చుకొన్న సంగతులు మరికొన్ని కుటుంబాలకు ఉపకరించవచ్చునని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

పెట్టెలోని పతకం

చిన్ననాటి నుండి మా ఇంట వినవచ్చిన మాట ఒక్కటే: "మీ ముత్తాత సిపాయి. బసరా పోయి తురుష్కులతో పోరాడి చనిపోయాడు." మన ప్రాంతంలో రంగూన్ వెళ్ళినవారిని "రంగం పోయాడు" అనేవారు. రంగం పోయినవాడు ఏదో ఒకనాటికి వస్తాడని ఆశ ఉండేది. బసరా పోయినవానిని గూర్చి ఆ ఆశ లేదు. మా తాతమ్మ ట్రంకు పెట్టెలో, పాత చీర మడతల నడుమ ఒక పతకం ఉండేది. ఒకవైపు అయిదవ జార్జి రాజు తల, రెండవవైపు గుర్రంమీద ఒక పురుషుడు, 1914, 1918 అనే అంకెలు. తాతమ్మ ఆ రౌతును పునీత జార్జి గారిగా తలచి, పండుగ దినాన పతకాన్ని తుడిచి ఇంటి పీఠం దగ్గర పెట్టేదట. ఆమె ఊహ తప్పు కాదు. ఆ రౌతు పునీత జార్జియే అని పతకాల శాస్త్రం తెలిసినవారు చెబుతారు.

మా పెదనాన్నగారికి ఒక కోరిక ఉండేది. గుడిలో చిన్న పాలరాతి పలక వేయించి, దానిమీద తన తాతగారి పేరు, పేరు ముందు "సిపాయి" అనే మాట చెక్కించవలెనని. అందుకు తేదీలు కావలసివచ్చి మేము పతకాన్ని చేతికి తీసుకొన్నాము. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచుమీద ఆ మనిషి నంబరు, పేరు, అతడు పనిచేసిన దళం పేరు చెక్కి ఇచ్చేవారు. భూతద్దం పెట్టి చూడగా మాకు కనబడినది రెజిమెంటు పేరు కాదు. "లేబర్ కోర్" అని ఉన్నది. మరొకటి కూడా అప్పుడే గమనించాము. పతకం వెండిది కాదు, కంచుది. ఈ యుద్ధ పతకాన్ని సైనికులకు వెండితోను, కూలిదళాల వారికి కంచుతోను పోతపోసి ఇచ్చారు. పతకం నలుపెక్కి ఉండుటచేత ఇన్నేళ్ళూ ఎవరికీ ఆ తేడా తెలియలేదు.

పెదనాన్నగారు ఆ మాట విని చాలాసేపు మాటలాడలేదు. "మా తాత కూలికి పోయాడా? నేను ఊరందరికీ సిపాయి అని చెప్పుకొన్నానే" అన్నారు. ఈ సంగతి ఎక్కడా వ్రాయవద్దని కూడా అన్నారు. మేము నొచ్చుకొన్నాము గాని ఆయనను తప్పు పట్టలేదు. నూరేళ్ళుగా ఒక ఇంటికి మిగిలిన గౌరవం ఆ ఒక్క మాటే.

బస్రాలో ఏమి జరిగింది

కూలి అంటే ఏమిటో తెలుసుకొనుటకు మేము చదవవలసి వచ్చింది. 1914 నవంబరులో బ్రిటిషు ఇండియా సేనలు బస్రా రేవును పట్టుకొన్నాయి. 1916 ఏప్రిల్ 29న కూట్ అనే పట్టణంలో ముట్టడిలో చిక్కిన సైన్యం ఆకలితో లొంగిపోయింది. 1917 మార్చి 11న బాగ్దాదు వారి వశమైంది. కూట్‌కు సహాయం అందకపోవుటకు ఒక ముఖ్య కారణం, బస్రాలో సరుకు దింపుటకు చాలినన్ని రేవుకట్టలు లేవు, ముందుకు చేర్చుటకు రోడ్లు లేవు, రైలు లేదు. ఓడలు వచ్చి వారాల తరబడి నదిలో నిలిచిపోయేవి. ఆ ఓటమి పిమ్మట ఇండియా నుండి కూలిదళాలను పెద్ద ఎత్తున రప్పించి, రేవుకట్టలు కట్టించి, వరద గట్లు వేయించి, పట్టాలు పరిపించారు. బాగ్దాదు విజయం వెనుక తుపాకి పట్టినవారితోపాటు తట్ట పట్టినవారు కూడా ఉన్నారు. ఎండదెబ్బ, కలరా, జ్వరాలు వారిలో అనేకులను తీసుకొనిపోయాయి.

ఆ యుద్ధంలో పోరాటేతర పనులకు ఇండియా నుండి చేర్చుకొనబడినవారు అయిదు లక్షలకు పైగా ఉన్నారు. కూలీలు, వంటవారు, నీళ్ళు మోసేవారు, డోలీలు మోసేవారు, పాకీ పనివారు వీరిలోనివారే. వీరిని గూర్చి సమగ్రమైన చరిత్ర రాధికా సింఘా అనే చరిత్రకారిణి 2020లో వెలువరించేవరకు మనవంటి వారికి అందుబాటులో లేదు. మా ముత్తాత ఎక్కడ వెదకినా కనబడకపోవుటకు కారణం కూడా ఇక్కడనే ఉన్నది. మేము ఇన్నాళ్ళూ సిపాయిల నడుమ వెదకుతున్నాము.

ఒక మనిషికి నాలుగు పేర్లు, ఒక ఊరికి మూడు జిల్లాలు

జాడ తీయబోయే ప్రతి కుటుంబం ముందుగా తెలుసుకోవలసినది పేర్ల చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. పటాలపు గుమాస్తా చాలాసార్లు ఇంటిపేరు వదిలి ఉట్టి పేరు వ్రాసుకొన్నాడు. ఉత్తరాంధ్రలో అప్పలస్వామి లేని ఊరు లేదు గదా, ఇంటిపేరు లేని అప్పలస్వామిని ఎట్లు గుర్తించుట? క్రైస్తవ కుటుంబాలలో చిక్కు ఇంకా ఎక్కువ. కతోలిక గురువులు జ్ఞానస్నానపు పుస్తకాలను లాటిను భాషలో వ్రాసేవారు. ఇంట్లో రాయప్ప అని పిలువబడినవాడు ఆ పుస్తకంలో పెత్రుస్ అవుతాడు, పటాలంలో పీటర్ అవుతాడు, భూమి పత్రాలలో తాతల నాటి పేరుతో ఉంటాడు. నలుగురూ ఒక్కడే అని చెప్పగలిగినది తండ్రి పేరు, భార్య పేరు మాత్రమే. కావున వెదకేవారు ఆ రెండూ ముందుగా సంపాదించవలెను.

రెండవ చిక్కు ఊరిది. ఇంగ్లీషు కాగితాలలో మన ఊరిని "కాలింగపటం" అనియు, శ్రీకాకుళాన్ని "చికాకోల్" అనియు వ్రాశారు. జిల్లా పేరు రెండుసార్లు మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మనం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావారము. అటుపిమ్మట విశాఖపట్నం జిల్లావారము. 1950 ఆగస్టు 15 నుండి శ్రీకాకుళం జిల్లావారము. మొదటి యుద్ధంలో పోయినవానిని శ్రీకాకుళం జిల్లా క్రింద వెదకితే దొరకడు. గంజాం క్రింద వెదకవలెను. రెండవ యుద్ధంలో పోయినవానిని విశాఖపట్నం క్రింద వెదకవలెను.

జ్ఞానస్నానపు పుస్తకం చెప్పిన మాట

మా ముత్తాత ఎప్పుడు మరణించాడో పతకం చెప్పదు. ఆ సంగతి మాకు చెప్పినది మా పాత విచారణ పుస్తకం. విచారణ గురువుల అనుమతితో, పురుగు తిన్న ఆ పుటలను ఒక్కొక్కటిగా త్రిప్పాము. 1916లో మా చిన్న తాతమ్మ జ్ఞానస్నానం వ్రాయబడినచోట తండ్రి పేరు, తల్లి పేరు మామూలుగా ఉన్నాయి. 1919లో పొరుగింటి బిడ్డకు మా తాతమ్మ జ్ఞానతల్లిగా నిలబడింది. అక్కడ ఆమె పేరు ప్రక్కన "విదువా" అని ఒక లాటిను మాట. విధవ అని దాని అర్థం. మన సంస్కృతపు మాటకూ దానికీ పోలిక ఉన్నందున గురువుగారు వివరించకముందే మాకు తెలిసిపోయింది. ఆ చిన్న మాట వ్రాసిన విదేశీ గురువు ఎవరో గాని, ఆ మూడేళ్ళ లోపుననే మా ముత్తాత చనిపోయాడని చెప్పే కాగితం లోకంలో అదొక్కటే.

రంగం పోయినవారు

రెండవ యుద్ధం మన ఊరికి మరింత దగ్గరగా వచ్చింది. కళింగపట్నంలో స్టీమరు దూరాన లంగరు వేస్తే, పడవలమీద అలలు దాటి ఎక్కేవారు. అట్లు బర్మా వెళ్ళిన మనవారు రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యపు మిల్లులలో పనిచేశారు. 1930 మేలో అక్కడ తెలుగు రేవు కూలీల సమ్మె వెంట పెద్ద అల్లర్లు జరిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాను వశమైంది. లక్షల మంది భారతీయులు అరకాను దారిన, మణిపురం దారిన అడవులూ కొండలూ దాటి నడచివచ్చారు. దారిలో పోయినవారి లెక్క ఎవరూ సరిగా వ్రాయలేదు.

అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజుననే జపాను యుద్ధనౌకలు మన తీరానికీ ఒరిస్సా తీరానికీ ఎదురుగా బంగాళాఖాతంలో ఎన్నో సరుకు ఓడలను ముంచివేశాయి. 1920వ దశకంలో రద్దు చేయబడిన మద్రాసు రెజిమెంటును 1942లో తిరిగి నిలబెట్టారు. రెండవ యుద్ధంలో సైన్యానికి పంజాబు తరువాత ఎక్కువమందిని ఇచ్చినది మద్రాసు రాజధానియే. మనవారు మద్రాసు శాపర్లలో, పయనీరు దళాలలో చేరి, ఏ దారిన తెలుగు కూలీలు ప్రాణాలు అరచేత పట్టుకొని నడచివచ్చారో ఆ మణిపురం సరిహద్దులలోనే రోడ్లు వేశారు.

ఎక్కడ వెదకవలెను

యుద్ధ మృతుల సమాధులను చూచే కామన్వెల్తు సంఘం 1917లో ఏర్పడింది. దాని జాబితాను ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చొని కంప్యూటరులో చూడవచ్చును. 1914 ఆగస్టు 4 నుండి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుండి 1947 డిసెంబరు 31 వరకు సైనిక సేవలో ఉండగా మరణించినవారు ఆ జాబితాకు అర్హులు. తుపాకి గుండుకు పోయినా, జ్వరాన పోయినా తేడా లేదు. బర్మాలోని తౌక్యాన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లు ఉన్నాయి. రెండవ యుద్ధపు వివరాలలో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా తరచు కనబడతాయి.

మొదటి యుద్ధం సంగతి వేరు. బస్రా స్మారకం మీద తెల్లవారి పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సామాన్య భారతీయ సైనికులకు దళం పేరు, ఎందరు పోయారనే అంకె మాత్రమే చెక్కారు. 2021 ఏప్రిల్‌లో ఆ సంఘమే ఒక నివేదిక వెలువరించి తప్పు ఒప్పుకొన్నది. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు పేరు లేకుండానో, అసలు స్మరణే లేకుండానో మిగిలిపోయారని అందులో వ్రాసింది. వారిలో అత్యధికులు తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు దేశాలవారు. సరియైన రుజువు చూపితే ఇప్పుడైనా పేరు చేర్చుటకు ఆ సంఘం సిద్ధముగా ఉన్నది. తిరిగి వచ్చినవారి సంగతులకు ఆయా రెజిమెంటు కేంద్రాలను, శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడుగవచ్చును. అడిగేటప్పుడు నంబరు ఉంటే పని సగం అయినట్టే. అందుచేత పాత పతకాలను, డిశ్చార్జి కాగితాలను, మనియార్డరు రసీదులను పారవేయవద్దని వేడుకొంటున్నాము. పతకాలను చింతపండు పెట్టి తోమవద్దు. అంచున ఉన్న అక్షరాలు అరిగిపోతాయి.

మా మనవి

మేము పతకం, పుస్తకంలోని రెండు పుటల నకళ్ళు జతచేసి ఆ సంఘానికి వ్రాసుకొన్నాము. జవాబు ఎట్లున్నా, మా ఇంటివరకు ఒక పని జరిగింది. పోయిన నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, పూజకు ముందు చదువవలసిన పేర్ల చీటీ వ్రాస్తూ ఉండగా పెదనాన్నగారు మమ్ములను పిలిచారు. "సిపాయి అని వ్రాయకండి. ఉన్నది ఉన్నట్టు వ్రాయండి. బరువు మోసి చనిపోయాడు, అందులో సిగ్గేమున్నది" అన్నారు. గురువుగారు అట్లే చదివారు. నూరేళ్ళ తరువాత ఆ పేరు గుడిలో వినబడినప్పుడు పెదనాన్నగారు తల వంచుకొని ఉన్నారు.

సహోదరులారా, మన మేత్రాసనంలోని ప్రతి విచారణలో ఇటువంటి పేరు ఒకటైనా ఉండును. ఈ శతాబ్ది సంవత్సరంలో ప్రతి విచారణవారు ఒక నోటు పుస్తకం తెరచి, యుద్ధాలకు వెళ్ళినవారి పేరు, ఇంటిపేరు, జ్ఞానస్నానపు పేరు, తండ్రి పేరు, భార్య పేరు, నాటి జిల్లా వ్రాయించవలెనని కోరుతున్నాము. సిపాయి అయినా, వంటవాడైనా, కూలి అయినా, రంగం దారిలో పోయినవాడైనా సరే, వ్రాయించండి. ఎనుబది దాటిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. పండుగ దాటిన పిమ్మట చూద్దామని అనుకోక, ఈ ఆదివారమే పూజ కాగానే వారి దగ్గర కూర్చొని అడగండి.