గుమ్మం దగ్గర నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల

కిందటి యేడాది మా యలమంచిలిలో ఒక బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. వేదిక మీది వక్తలు ముగ్గురూ ఆడపిల్లల ఆత్మవిశ్వాసం గురించే మాట్లాడారు. రేపటి నాయకురాళ్ళు మీరేనని, సంఘాన్ని మార్చవలసినది మీరేనని చాలా గట్టిగా చెప్పారు. వేదిక పక్కన తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు పట్టుపరికిణీలు కట్టుకొని, పూలదండల పళ్ళేలు పట్టుకొని గంటన్నరసేపు నిలబడే ఉన్నారు. మైకు సంగతి మగపిల్లలు చూశారు. చందాల లెక్క ఒక మాస్టారు చూశారు. వచ్చినవారిని ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఊరి పెద్దలు చూశారు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి మా వీధి పిల్లే. మర్నాడు కనిపిస్తే, "ఏమ్మా, నిన్నటి ఉపన్యాసాలు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"పళ్ళెం బరువుగా ఉంది తాతగారూ" అంది.

ఆ మాటకు అప్పుడు నవ్వాను గాని, తరువాత చాలా రోజులు అది నన్ను వదలలేదు. ఆత్మవిశ్వాసం ఉపన్యాసం వినడం వల్ల వస్తుందా? రాకపోతే మరి దేనివల్ల వస్తుంది? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతుక్కుంటూ పోతే, మా ఊరికి ఎంతో దూరం పోనవసరం లేకపోయింది. యలమంచిలిలో రైలెక్కి, తుని దాటి, సామర్లకోటలో దిగితే పక్కనే కాకినాడ. నూరేళ్ళకు పైబడిన కిందట ఆ ఊళ్ళో ఒక పిల్ల ఉండేది. తరువాతి కాలంలో ఆమెను దుర్గాబాయి దేశ్‌ముఖ్ అన్నారు. అప్పటికి ఉత్త దుర్గ.

ఆవిడ గురించి మనందరికీ తెలిసినది పెద్దయిన తరువాతి కథ. రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘ సభ్యురాలు, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు, 1975లో పద్మవిభూషణ్. పాఠ్యపుస్తకాలు ఈ పదవుల జాబితాను అప్పజెప్పి ఊరుకుంటాయి. నాకు కావలసినది ఆ జాబితాకు ముందున్న మూడు నాలుగేళ్ళు, అంటే ఆమెకు పన్నెండు నిండి పదిహేను వచ్చేలోపు జరిగిన సంగతులు.

దుర్గ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో యేట పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం రావడానికి ఇంకా పన్నెండేళ్ళు ఉంది. ఆ చట్టమైనా ఆడపిల్లకు పెట్టిన వయసు పద్నాలుగే. పన్నెండో యేట, బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దుతున్నారని నిరసించి ఆమె చదువు మానేసింది. మానేసి ఇంట్లో కూర్చోలేదు. తాను నేర్చుకున్న హిందీని నలుగురికీ చెప్పడానికి ఒక బాలికల హిందీ పాఠశాల మొదలుపెట్టింది. ఆ బడిలో చదువుకున్నవారిలో ఆమె కన్నతల్లి కృష్ణవేణమ్మ గారు కూడా ఒకరు. తల్లి పలక పట్టుకొని కూతురి ఎదుట కూర్చున్న ఆ దృశ్యాన్ని ఒకసారి ఊహించుకోండి. ఏ ఉపన్యాసం ఆ పిల్లకు అంత ధైర్యం ఇవ్వగలదు?

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఊరంతా సభకు సిద్ధమవుతోంది. ఆ సభకు రాలేనివారు ఇద్దరున్నారని దుర్గకు తోచింది. ఒకరు దేవదాసీలు, రెండవవారు పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలు. వీరికి గాంధీగారిని విడిగా చూపించాలని ఆమె సంకల్పం. వెళ్ళి నిర్వాహకులను అడిగింది. నిధికి ఐదువేల రూపాయలు పోగుచేసి తెస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పన్నెండేళ్ళ పిల్లను వదిలించుకోవడానికి పెద్దలు పెట్టిన షరతేమో అది. 1921లో ఐదువేలంటే సామాన్యమైన సొమ్ము కాదు. కాని ఆ పిల్ల ఆ షరతును నిజమని నమ్మి దేవదాసీలకు చెప్పింది. డబ్బు సమకూర్చినవారు వాళ్ళే. సభ జరిగింది. ఐదు నిమిషాలనుకున్న గాంధీగారు అరగంటకు పైగా మాట్లాడారు. స్త్రీలు ఒంటి మీది గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారు. ఆ నగల విలువ పాతిక వేల రూపాయల దాకా ఉంటుందని దుర్గాబాయి తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. గాంధీగారి హిందీని ఆ స్త్రీలకు తెలుగు చేసి చెప్పినదీ ఆ పిల్లే. విని మెచ్చుకున్న గాంధీగారు తరువాతి బహిరంగ సభలోనూ ఆమెనే అనువదించమన్నారు. అంతవరకు ఆ పని చేయవలసినవారు కొండ వెంకటప్పయ్యగారు. దేశభక్తుడని పేరు పొందిన పెద్ద నాయకుడు ఆయన.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆ పిల్లకు ఎవరూ పళ్ళెం ఇచ్చి నిలబెట్టలేదు. డబ్బు పోగుచేసే పని ఆమె చేతిలో పడింది. మాట్లాడే పనీ ఆమె చేతిలోనే పడింది. రెండూ నిజమైన పనులు. పొరపాటు జరిగితే నలుగురిలో నవ్వులపాలయ్యే పనులు.

రెండేళ్ళ తరువాత, 1923 డిసెంబరులో, కాకినాడలోనే అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. మహాసభకు అనుబంధంగా ఖద్దరు ప్రదర్శన ఏర్పాటు చేశారు. ద్వారం దగ్గర టికెట్టు చూసి లోపలికి పంపే వాలంటీరు పని పద్నాలుగేళ్ళ దుర్గది. రెండణాల టికెట్టు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్టు లేదు. దుర్గ ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి, ఆయనెవరో తెలుసా అని కేకలేశారు. తెలుసు, కాని టికెట్టు లేనివారిని పంపవద్దని మీరే కదా చెప్పారు అన్నది ఆమె సమాధానం. చివరకు వారే టికెట్టు కొనిస్తే గాని నెహ్రూ లోపలికి వెళ్ళలేదు. ఆయన కోప్పడకపోగా పిల్ల కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు.

ఈ కథను మన పుస్తకాలు నెహ్రూ గొప్పతనానికి ఉదాహరణగానో, దుర్గాబాయి ధైర్యానికి ఉదాహరణగానో చెబుతాయి. నాకు మాత్రం ఇందులో మూడవది కనిపిస్తుంది. ఆ రోజు ఆమెకు ఒక గుమ్మం అప్పగించారు. ఎవరు లోపలికి వెళ్ళాలో, ఎవరు ఆగాలో తేల్చే అధికారం, చిన్నదే కావచ్చు, ఆ పిల్ల చేతిలో ఉంది. అధికారం ఇచ్చినవారు వెంటనే దాన్ని వెనక్కు లాక్కోబోయారు. పిల్ల ఇవ్వలేదు. మనమూ సరిగ్గా అదే చేస్తుంటాం. పని అప్పగిస్తాం. పెద్దవాళ్ళు ఎదురైతే మాత్రం "పక్కకు జరుగమ్మా" అంటాం. ఆ ఒక్క మాటతో అంతకు ముందిచ్చిన ధైర్యమంతా ఇగిరిపోతుంది.

ఇదంతా చదివి, అది ఆవిడ పుట్టుకతో వచ్చిన గుణం, అందరికీ రాదు అనేవారు ఉంటారు. కొంత నిజమే. ఎదురుచెప్పని తండ్రి ఉన్నాడు, శిష్యురాలైన తల్లి ఉంది. ఈడు వచ్చాక ఆ పెళ్ళి తనకు వద్దని ఆమె విడివడినప్పుడు పుట్టింటివారు అండగా నిలిచారు. ఈ అండ ఆ రోజు సభకు వచ్చిన దేవదాసీ స్త్రీల ఇళ్ళలోని పిల్లలకు లేదు. ఈ తేడాను దాచి దుర్గాబాయి కథ చెబితే అబద్ధం చెప్పినట్లే. అయితే ఆమె తరువాతి జీవితాన్ని చూస్తే, తనకు దొరికిన అండను ఇతరులకు దొరికేలా చేయడమే ఆమె పని అయిందని తెలుస్తుంది.

దీనికి మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి ఉంది. ఉప్పు సత్యాగ్రహం మొదలు 1933 వరకు ఆమె మూడుసార్లు జైలుకు వెళ్ళింది. అక్కడ తమ కేసు ఏమిటో, శిక్ష ఎందుకు పడిందో కూడా తెలియని ఆడఖైదీలను చూసి, న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకుంది. బయటికి వచ్చి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కట్టి, ఆ తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. ఆడవారికి హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. తన ఒక్కదాని కోసం మినహాయింపు అడగవచ్చు. అలా చేయలేదు. చదవాలని ఉండి, హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలు రావలసిందని పత్రికలో ప్రకటన వేయించింది. ముందుకు వచ్చిన వారిని కూడగట్టుకుని హాస్టలు ఏర్పడేలా చేసింది. అప్పుడు చేరింది. ఈనాడు మా యలమంచిలి నుంచి విశాఖపట్నం వెళ్ళి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

1942లో ఆమె మదరాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుంది. అంతకు ముందే, 1937లో, అక్కడ ఆంధ్ర మహిళా సభ పుట్టింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవారిని కాశీ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం ఆ సభ తొలినాళ్ళ పనులలో ముఖ్యమైనది. తాను నడిచిన దారినే బాటగా వేసిందన్నమాట. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా మొదలైన సంక్షిప్త విద్యాకోర్సులకు మూలం ఇక్కడే ఉంది. బడి మానేసిన స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం కావచ్చునన్నది వాటి ఆలోచన.

ఇప్పుడు కాలం మారింది. పెళ్ళికి కనీస వయసు 1978లోనే పద్దెనిమిదికి పెరిగింది. అయినా 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని తేలింది. మరోవైపు 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగైనా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని ఆమె. ఇంట్లో కలిమి లేకపోయినా బడి అండగా నిలిచింది. పని అప్పగించేవారుంటే పిల్లలు ఎక్కడికి వెళ్ళగలరో తెలియడానికి ఇది చాలు.

ఈ సంక్రాంతికి మా వీధిలో ముగ్గుల పోటీ పెట్టాం. చందాల పుస్తకం, డబ్బు సంచీ ఆ పళ్ళెం పిల్లకే ఇద్దామన్నాను. చిన్నపిల్ల, పోగొడుతుందన్నారు కొందరు. పోతే నేను కట్టుకుంటానన్నాను. చివరి రోజు లెక్క చెప్పేటప్పుడు ఆ అమ్మాయి లేచి, "ఈ వీధిలో ఒకరు ఇస్తామని రాసి ఇవ్వని నూట యాభై ఇంకా రావాలి" అంది. ఆ "ఒకరు" నేనే. అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చేదాకా ఆ పిల్ల పుస్తకం మూయలేదు.

డబ్బు తీసుకుని, లెక్కపెట్టుకుని, పుస్తకంలో టిక్కు పెట్టి, "రసీదు కావాలా తాతగారూ?" అని అడిగింది.

కావాలన్నాను. ఆ రసీదు నా దగ్గర ఉంది.

మీ ఊళ్ళలో దుర్గాబాయి ఈడున ఇలా పనులు నెత్తికెత్తుకున్న ఆడపిల్లల కథలు పెద్దవాళ్ళ నోట మీరు వినే ఉంటారు. పుస్తకాలకెక్కనివైతే మరీ మంచిది. ఆ పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి.