బార్‌కోడుకు అందని బసవపురాణం

స్మార్ట్‌ఫోను కెమేరాను పుస్తకం వెనుక అట్టమీది నల్లగీతలకు చూపితే రచయిత, ప్రచురణకర్త, ముద్రణవత్సరం క్షణంలో తెరపైకి వస్తున్నాయి. గ్రంథాలయపు బీరువాలను గాలించేందుకు ఇంతకంటె సులువైన ఉపాయం మా తరానికి తెలియదు. అయితే పాలకుర్తివాడను గనుక నా దృష్టి మొదట సోమనాథుని గ్రంథాలమీదికి పోయింది.

బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించగా ఆంధ్రగ్రంథమాల 1926లో ప్రచురించింది. చిలుకూరి నారాయణరావుగారి సంపాదకత్వంలో పండితారాధ్యచరిత్ర 1939లో వెలువడింది. ఆ ప్రతులమీద గీతలు లేవు, ఉండే అవకాశమూ లేదు. వెల్చేరు నారాయణరావుగారు జీన్ రోగేర్‌తో కలిసి చేసిన బసవపురాణపు ఆంగ్లానువాదం 1990లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణగా వచ్చింది. దానికి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య ఉంది. అనగా యంత్రానికి సోమనాథుడు ఇంగ్లీషులో పరిచితుడు, సొంత భాషలో అపరిచితుడు!

ఈ గీతల కథ పుస్తకాలతో మొదలు కాలేదు. అమెరికాలో వుడ్‌లాండ్ అనే ఆయన సముద్రపుటొడ్డున ఇసుకలో మోర్స్ సంకేతపు చుక్కలను, గీతలను వేళ్లతో కిందికి సాగదీసి చూశాడట. (మన లఘుగురువులను నిలువునా సాగదీసినట్లు!) 1952లో సిల్వర్‌తో కలిసి పేటెంటు పొందాడు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రపు ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్‌గమ్ పొట్లంతో అంగళ్లలో దీని వాడుక మొదలైంది. పుస్తకాల సంఖ్య వేరుగా పుట్టింది. 1967లో బ్రిటనులో ఏర్పడి, 1970లో అంతర్జాతీయ ప్రమాణమై, 2007 జనవరి 1 నుండి పదమూడంకెలైంది. ఇందులో ఇంగ్లీషు ప్రాంతాలకు 0, 1, ఫ్రెంచికి 2, జర్మనుకు 3 కేటాయించారు. భారతదేశానికి 81, తరువాత 93 లభించాయి. తెలుగుకు ప్రత్యేకంగా అంకె లేదు. సంఖ్యను చూసి అది తెలుగు పుస్తకమని చెప్పలేము.

ఇక మన గ్రంథాలయాల వయస్సు చూడండి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో నెలకొన్నాయి. అటువంటి చోట అమూల్యమైన భాగమంతా 1970కి ముందరిదే. కెమేరా దాన్ని దాటి వెళ్లిపోతుంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం మీలో చాలమందికి గుర్తుండే ఉంటుంది. రాజ్ రెడ్డిగారి సంకల్పంలో భాగంగా 2003లో వెలసిన ఆ భాండారంలో ప్రతి పుస్తకానికీ ఒక బార్‌కోడు సంఖ్య ఇచ్చారు. సంఖ్య చక్కగానే ఉండేది, గ్రంథనామమే రోమను లిపిలో చిత్రవిచిత్రంగా ఉండేది. దీర్ఘాలు పోయి, ఒత్తులు పోయి, ఒకే పుస్తకం నాలుగు రూపాల్లో కనిపించేది. ఆ జాలస్థలి ఇప్పుడు లేదు. అందులోని పుస్తకాలు అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ సంఖ్యలతో, ఆ తప్పులతోనే ఉన్నాయి.

పాత పుస్తకాలకు గ్రంథాలయమే సొంతంగా బార్‌కోడు అతికించుకోవచ్చు. అది చేస్తున్నారు కూడా. కాని గీతల వెనుక వివరం రాసే మనిషికి తెలుగు ముఖపత్రం చదవడం రావాలి. పరిష్కర్తను కవిగా నమోదు చేయకూడదు. సంవత్సరనామాలు కూడా తెలియాలి. ముఖపత్రంమీద 'అక్షయ' అని మాత్రమే ఉంటే అది 1866-67 కావచ్చు, 1926-27 కావచ్చు. కాగితం, అచ్చు, ముద్రాక్షరశాల పేరు చూసి తేల్చవలసిందే.