బొగ్గుబాయి నీడలో బిజినెస్ లా

వాణిజ్యశాస్త్రం చదువుకున్న తెలుగువారిని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగల వాక్యం ఒకటుంది: కాంట్రాక్టులన్నీ ఒప్పందాలే గాని, ఒప్పందాలన్నీ కాంట్రాక్టులు కావు. బి.కాం. బిజినెస్ లా ఈ వాక్యంతోనే మొదలవుతుంది. దాని వెన్నంటే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని పదవ సెక్షను, ఆ పిమ్మట ఉదాహరణలు వస్తాయి. ఉదాహరణలన్నీ ఎక్కడెక్కడివో. తన మందు వాడినా ఫ్లూ జ్వరం వచ్చినవారికి నూరు పౌండ్లిస్తానని పత్రికలో ప్రకటించి, తీరా ఒకావిడకు వచ్చాక మొహం చాటేసిన లండన్ కంపెనీ. సింహళంలో కొలువు చేస్తూ, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు ముప్పై పౌండ్లు పంపుతానన్న బాల్ఫర్ దొర. మైనరుగా ఉండగానే ఆస్తి తనఖా పెట్టి అప్పు తెచ్చిన కలకత్తా ధర్మదాస్ ఘోష్.

గోదావరిఖని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కూర్చున్న విద్యార్థికైనా పాఠం ఇదే. తప్పు పట్టడానికేమీ లేదు, ఆ తీర్పులు చదవవలసినవే. అయితే ఆ తరగతి గదిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఇంటి పొయ్యి ఏ కంపెనీ జీతంతో వెలిగిందో, ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలు ఒక్కొక్కటే కనబడతాయి. అసలు కంపెనీ అంటే ఎవరు అన్న ప్రశ్నకు సింగరేణి చరిత్ర చెప్పినన్ని జవాబులు తెలుగునాట మరో సంస్థ చెప్పిందనుకోను.

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. దొరికిన బొగ్గును తవ్వే హక్కు ఎవరిదన్న దగ్గర కథ మొదలయింది. 1886 జనవరిలో నిజాం ప్రభుత్వం వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు 99 ఏండ్లపాటు గనుల హక్కులు రాసిచ్చింది. ఆ హక్కుల ఆధారంగా అదే ఏడాది లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వెలిసింది. మూలధనం పది లక్షల పౌండ్లు, అంటే పది పౌండ్లవి లక్ష వాటాలు. చిత్రమేమిటంటే, అందులో 85,000 వాటాలను సొమ్ము పూర్తిగా చెల్లించినట్టే లెక్కగట్టి, హక్కులు తెచ్చినందుకు ప్రతిఫలంగా ఆ ఇద్దరికీ ఇచ్చేశారు. గనుల పనికి నగదు తేవలసిన వాటాలు మిగిలిన 15,000 మాత్రమే. కాగితం మీద పది లక్షలు, గనిలో దిగేది ఏ మూలకో!

ఇక్కడ పాఠ్యపుస్తకం తెరవాలి. కంపెనీ పుట్టకముందే దాని కోసం పనిచేసే వ్యవస్థాపకులు పుట్టబోయే కంపెనీకి విశ్వాసపాత్రులై ఉండాలనీ, తమ లాభాన్ని దాచకూడదనీ చెప్పే తీర్పు ఒకటి అందులో ఉంటుంది. అది 1878లో ఇంగ్లండు ప్రభువుల సభ ఇచ్చిన అర్లాంజర్ కేసు. సోంబ్రెరో అనే దీవిలోని ఫాస్ఫేటు గనిని 55,000 పౌండ్లకు కొన్నవారు, తామే పెట్టిన కంపెనీకి దాన్ని 1,10,000 పౌండ్లకు అంటగట్టారు. ఆ బేరం చెల్లదని సభ కొట్టివేసింది. ఆ తీర్పు వచ్చిన ఎనిమిదేళ్ళకు, అదే లండన్ నగరంలో మన బొగ్గు మీద ఇంత వ్యవహారం జరిగింది.

అంతటితో ఆగితే అది వ్యవస్థాపకుల అధ్యాయం మాత్రమే అయ్యేది. నిజాం ప్రభుత్వం తరఫున ఈ లావాదేవీ నడిపినవాడు సర్దార్ దిలేర్-ఉల్-ముల్క్ బిరుదాంకితుడు అబ్దుల్ హక్. ఆ 85,000 వాటాల్లో ఆయనకూ రహస్యంగా భాగం ముట్టింది. పైగా ఆ కంపెనీ వాటాలను ముఖవిలువకు మించిన ధరకు తన ప్రభువుకే కొనిపెట్టాడు! గుట్టు రట్టయ్యాక 1888లో నిజాం ప్రభుత్వం ఆయనను సస్పెండు చేసింది. బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్టు కమిటీ వేసి విచారణ జరిపింది. కాంట్రాక్టు చట్టంలో ఏజెన్సీ అధ్యాయం తీసి 215, 216 సెక్షన్లు చూడండి. యజమానికి తెలియకుండా ఏజెంటు తన స్వంత లాభానికి బేరమాడితే యజమాని ఆ బేరాన్ని కాదనవచ్చు, ఆ లాభాన్ని తనకిమ్మని రాబట్టుకోవచ్చు. ఈ రెండు సెక్షన్లకు అబ్దుల్ హక్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. నిజానికి ఆ చట్టం అప్పటి హైదరాబాదు రాజ్యంలో అమలులో లేదనుకోండి, అది వేరే సంగతి.

1920 డిసెంబరు 23న హైదరాబాద్ కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదయింది. లండన్ కంపెనీ ఆస్తులూ అప్పులూ దానికి సంక్రమించాయి. గనులు అవే, తట్టా చెమ్మస్ పట్టిన కూలీలు వారే. మారింది న్యాయం దృష్టిలోని వ్యక్తి ఒక్కటే. కంపెనీ వేరు, వాటాదార్లు వేరు అని 1896లో సాలమన్ కేసు చెప్పిన మాటను పరీక్షలో రాసే విద్యార్థికి ఈ తేదీ చెబితే చాలు, కృత్రిమ వ్యక్తి అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ వ్యక్తికి నోరూ చేతులూ మాత్రం ఎరువువే. మొదట బెస్ట్ అండ్ కంపెనీ కార్యదర్శులుగా, విక్రయ ఏజెంట్లుగా ఉండేవారు. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొన్నాక మేనేజింగ్ ఏజెన్సీ హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీకి, 1949లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండుకు మారింది. దేశమంతటా ఈ మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతి 1970 ఏప్రిల్‌లో రద్దయింది గనుక నేటి పిల్లలకు అదొక చరిత్రశేషం. భారత కాంట్రాక్టు చట్టం ఈ ప్రాంతానికి వచ్చింది 1951లో, పార్ట్ బి రాష్ట్రాల శాసనాల చట్టం ద్వారా.

1956లో రాష్ట్రాల పునర్విభజనతో కంపెనీ మీద పెత్తనం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి దక్కింది. రామగుండం పక్కన గోదావరి ఒడ్డున గనులు తెరుచుకుని, వాటి చుట్టూ ఊరు లేచింది అటుపిమ్మటనే. ఊరి పేరులోనే గని ఉంది. 1973లో దేశంలోని ప్రైవేటు బొగ్గు గనుల్ని జాతీయం చేసినప్పుడు సింగరేణి జోలికి ఎవరూ రాలేదు, అది అప్పటికే ప్రభుత్వ కంపెనీ కాబట్టి. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఈ 51 అన్న అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పని పడుతుంది.

తక్కిన అధ్యాయాలకూ ఇక్కడ ఉదాహరణలున్నాయి. దసరా వేళ కార్మికులకు కంపెనీ లాభాల్లో వాటా ముడుతుంది. 2022-23 లాభాల్లో అది 32 శాతం. మరి లాభంలో వాటా తీసుకున్నవాడు భాగస్వామి కాడా? కాడు. 1932 భాగస్వామ్య చట్టం ఆరవ సెక్షను ఉద్యోగికి లాభంలో వాటా ఇచ్చినంత మాత్రాన భాగస్వామ్యం ఏర్పడదని తేల్చిచెప్పింది. ఖాయిలా కంపెనీల సంగతీ అంతే. 1990లలో సింగరేణి బి.ఐ.ఎఫ్.ఆర్. గడప తొక్కి బతికి బయటపడింది. అదే రామగుండంలో బొగ్గు నుండి యూరియా తీసిన ఎఫ్.సి.ఐ. కర్మాగారం 1999లో మూతపడింది. ఆ స్థలంలో గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారాన్ని 2022 నవంబరులో జాతికి అంకితం చేశారు. నడుమ ఒక తరం గడిచిపోయింది.

ఇక గోదావరిఖని పిల్లలకు నిజంగా నెత్తురు పంచుకున్న అధ్యాయానికి వస్తాను. అది వారసత్వ ఉద్యోగం. బాయిలో దిగి ఒళ్ళు హూనమైన తండ్రి తప్పుకుంటే కొడుక్కి ఆ కొలువు రావాలన్నది బొగ్గుపట్టె అంతటా నాటుకున్న నమ్మకం. దానికి కొంత ఆధారమూ ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలోనే, మరణించిన లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోయిన కార్మికుని ఆశ్రితులకు ఉద్యోగమిచ్చే నిబంధనలున్నాయి. 2016 చివర సింగరేణి అంతకంటే విస్తృతమైన పథకాన్ని ప్రకటించింది. 2017 మార్చిలో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది.

కాంట్రాక్టు చట్టం మాత్రమే చదివిన కుర్రవాడు దీనికి గట్టిగానే వాదించగలడు. ఇంగ్లీషు న్యాయంలో ప్రతిఫలం ఇచ్చినవాడే హక్కు అడగాలి. మన చట్టం రెండవ సెక్షను ప్రకారమైతే ప్రతిఫలం వాగ్దానం పొందినవాడే కాదు, మరెవరైనా ఇవ్వవచ్చు. 1880ల ఆరంభంలో మద్రాసు హైకోర్టులో నడిచిన చిన్నయ్య - రామయ్య కేసు ఇదే. తల్లి కూతురికి ఆస్తి ఇచ్చింది. అందుకు బదులుగా, తల్లి తోబుట్టువుకు ఏటా కొంత సొమ్మిస్తానని కూతురు రాసిచ్చింది. తరువాత, నువ్వు నాకేమిచ్చావు గనక అని ఎదురు తిరిగింది. తల్లి ఇచ్చిన ఆస్తే ప్రతిఫలమని, సొమ్ము ఇచ్చి తీరాలని కోర్టు చెప్పింది. తల్లి ఇచ్చినది తోబుట్టువుకు చెల్లితే, తండ్రి ముప్పై ఏండ్లు బాయిలో ధారపోసింది కొడుక్కి ఎందుకు చెల్లదు? మంచి ప్రశ్న.

అయితే కోర్టు ప్రతిఫలం దాకా రాలేదు. వాగ్దానం చేసినది ఎవరో చూసింది. షావుకారు తన దుకాణంలో గుమాస్తా కొడుకును పెట్టుకుంటే అడిగేవాడు లేడు. సింగరేణి ప్రభుత్వ కంపెనీ. ప్రభుత్వ చేతిలో నడిచే సంస్థ రాజ్యాంగం పన్నెండవ అధికరణం కింద రాజ్యమేనని 1979 నుండి సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. రాజ్యం కొలువులిచ్చేటప్పుడు 14, 16 అధికరణాల ప్రకారం అందరికీ సమానావకాశం ఇవ్వాలి, పుట్టుకను బట్టి ఇవ్వరాదు. 1973లో గనిని కాపాడిన ఆ 51 శాతమే ఇక్కడ అడ్డు నిలిచింది. అదే తరగతిలో కూరగాయలమ్మే తల్లి కొడుకు, కాంట్రాక్టు కార్మికుని కూతురు కూడా కూర్చుంటారు. వారి వైపు నుండి చూస్తే తీర్పు న్యాయమే. పక్క బెంచీలో, మోకాళ్ళు అరిగిన తండ్రి ఉన్న కుర్రవాడికి ఆ మాట నచ్చజెప్పడం అధ్యాపకునికి తేలిక కాదు.

ఆ తరువాత వైద్యపరీక్షలో అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు మళ్ళీ ఉద్యోగాలు ఇవ్వసాగారు. వాటిని కాగితాల మీద కారుణ్య నియామకాలన్నారు. వారసత్వమంటే అడిగి తీసుకునేది, కారుణ్యమంటే ఇస్తే పుచ్చుకునేది. బాయిల మీద మాత్రం జనం నోట ఇప్పటికీ అవి వారసత్వ ఉద్యోగాలే.