గట్టు నుండి కాంక్రీటు అంచు దాక

ధర్మవరము పట్టుచీర కొన వచ్చినవారు ముందుగా చూచునది అంచు. నడుమ నేత ఎంత నాణెముగా నున్నను అంచు తేలిపోయినచో బేరము సాగదు. అంచు చీరకు అందము మాత్రమే కాదు. బట్ట ఒరగకుండ, కుచ్చిళ్ళు నిలుచునట్లు బరువునిచ్చునది కూడ అదియే. పూలతోటకును ఈ మాట చెల్లును. పూలమళ్ళ చుట్టును, కాలిబాటల వెంటను కాంక్రీటు అంచులు పోసి అమ్ముట నేడొక చిన్న పరిశ్రమ. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఇట్టి పనికి పూనుకొనువారు దీనిని పైదేశమునుండి దిగివచ్చిన కొత్త వేడుకగా తలచుట కలదు. ఇది మన నేలకు పాతపనియే యని చూపుటయే మా ఉద్దేశము.

మన రైతు మొక్క నాటిన వెంటనే చేయు పని పాదు తీయుట. పాదు చుట్టు మట్టి ఎత్తిన చిన్న గట్టే తోటకు మొదటి అంచు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి సీమలో గట్టు లేని మడి నిలువదు. ఆ గట్టునే పెద్దదిగా చేసినచో చెరువుకట్ట యగును. ధర్మవరము పట్టణమును క్రియాశక్తి ఒడయరు నెలకొల్పి, తన తల్లి ధర్మాంబ పేరు పెట్టెనని స్థానికులు చెప్పుకొందురు. ఆయన విగ్రహము చెరువుకట్టపైనున్న ఆంజనేయస్వామి ఆలయములో నున్నది. నీటికి అంచు కట్టినవానిని ఊరు మరచిపోలేదన్నమాట.

పెనుకొండ కథ వేరు. 1565లో విజయనగర సైన్యము ఓడిన పిదప తిరుమల దేవరాయలు రాజధానిని ఇచ్చటికి మార్చెను. ఇచ్చటి గగనమహలు రాతికిని, గచ్చునకును ఉన్న పొత్తును నేటికిని చూపుచున్నది. 1687లో మొగలాయీలు శిరా సుబాను ఏర్పరచినప్పుడు పెనుకొండ అందులో ఒక పరగణా ఆయెను. మడకశిరకు పడమట నున్న ఆ శిరాలో నవాబు దిలావర్ ఖాన్ పెంచిన తోటలు మిక్కిలి పేరుపొందినవి. 1760లో హైదరాలీ బెంగుళూరున లాల్‌బాగు వేయించినప్పుడు ఆ శిరా తోటలే నమూనా అయినవని చరిత్రకారులు వ్రాసినారు. మొగలాయీ పద్ధతి తోటకు ప్రాణము చతురస్రపు మడులు, వాటిని విడదీయు బాటలు, నీటికాలువలు. అంచు సరిగా లేనిచో ఆ తోటకు రూపమే లేదు. బెంగుళూరు తోటల సొగసునకు మూలములలో ఒకటి మన సరిహద్దునకు ఇంత చేరువనుండి వెళ్ళినదని మనలో ఎందరు గుర్తింతురు?

చిరకాలము ఈ అంచులు రాతివి. మన సీమలో రాతికి కొదువ లేదు. తాడిపత్రి బండలను నిలువున పాతి దొడ్లకు, తోటలకు హద్దుగా పెట్టుట అలవాటు. ఈ పని వడ్డెర కుటుంబములకు అన్నము పెట్టినది. అయితే రాయి చెప్పిన వంపు తిరుగదు. చెక్కవలెనన్న కూలి పెరుగును. ఆ కొరతను తీర్చినది సిమెంటు.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీమేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటునకు పేటెంటు పొందెను. 1867లో సిమెంటు నడుమ ఇనుప వల చేర్చి తొట్లు పోయుటకు పేటెంటు పొందిన జోసెఫ్ మోనియే ఫ్రాన్సు దేశపు తోటమాలి. నేటి వంతెనలను, మేడలను మోయు ఇనుప కాంక్రీటు కొంతవరకు పూలతొట్టిలో పుట్టినదన్నమాట. మన దేశమున 1914లో పోరుబందరు కర్మాగారము ఉత్పత్తి ఆరంభించెను. ఆ పిదప చాలకాలము సిమెంటు ధరయు, పంపిణీయు సర్కారు అదుపులో నుండెను. పర్మిటు లేనిదే మూట దొరకని ఆ రోజులలో అలంకారపు అంచులు పోయుదునని ఎవడు ధైర్యము చేయగలడు? 1982లో ఆ అదుపు కొంత సడలినది. 1989 మార్చి 1న పూర్తిగా తొలగినది. చిన్న కొట్టము వేసికొని వరలు, జాలీలు, తొట్లు, అంచుపలకలు పోయువానికి నిజమైన స్వేచ్ఛ అప్పుడే వచ్చినది.

స్వేచ్ఛ వచ్చినంతనే వ్యాపారము నిలువదు. నిలుపునవి రెండు: నీరు, లెక్క.

కాంక్రీటులో నీరు ఎక్కువైనకొలది బలము తగ్గునని 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ నిరూపించెను. 50 కిలోల మూటకు, తడి ఇసుకలోని నీటితో కూడ కలిపి, 25 లీటర్లు దాటకుండ చూచుకొనుట మంచి లెక్క. పలుచగా కలిపినచో అచ్చులో తేలికగా జారును గాని ఎండకు నెఱ్ఱెలు విచ్చును. పోసిన తరువాత మాత్రము వారము దినములకు తక్కువ కాకుండ తడుపవలెను. కలుపునప్పుడు పిసినారితనము, తడుపునప్పుడు ధారాళము! నీటి ఎద్దడి గల మన ఊళ్ళలో పలకలపై తడి గోనెపట్టాలు కప్పి, నీడన ఉంచుట మేలు. అంచు నాటునప్పుడు మూడవవంతు భూమిలో దిగవలెను. పలకకు పలకకు నడుమ వేడికి సాగుటకు సందు విడువవలెను. చెరువునకు మరువ వలె మిగులు నీరు పోవుటకు దారి యుండవలెను.

ఇక లెక్క. హిందూపురమునకు పొరుగుననున్న లేపాక్షిలో కల్యాణమంటపము సగములో నిలిచియున్నది. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండ కోశమును చూచుచుండిన విరూపణ్ణ రాజునకు తెలియకుండ ఆ ధనమును గుడికి వెచ్చించెననియు, నింద పడగా తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు ఐతిహ్యము. కథ ఎట్లున్నను, పనితనము లోపింపక నిలిచిపోయిన పనికి ఆ మంటపము గురుతు. పరుల సొమ్ముతో పెద్దపనికి దిగువాడు ఒకసారి దానిని చూచి రావలెను.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనము, 1369 నాటిది, చెరువునకు ఆరు దోషములు చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట ఒకటి. నీరు కొద్దియై నేల విస్తారమగుట మరొకటి. పెట్టుబడి కొద్ది, ఒప్పుకొన్న పని విస్తారము అయినవాని గతియు అదియే. మొదట ఒకే అచ్చు, ఒకే కొలత. చేయిచాచినంత దూరములోని ఇండ్లు, బడులు, గుడితోటలు. బయానా పుచ్చుకొని పని మొదలుపెట్టి, వచ్చిన లాభముతో రెండవ అచ్చు కొనుట పదిలమైన పెరుగుదల.

అవకాశమునకు కొదువ లేదు. 2019లో పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించినది. 2022లో ఈ మూడు పట్టణములును కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. బెంగుళూరు హిందూపురమునకు నూరు కిలోమీటర్ల దూరము. పని వెదకికొనుచు ఆ నగరమునకు పోవు మన బేల్దారుల బిడ్డలు, తమ ఊరనే పలకలు పోసి ఆ నగరమునకే పంపగలిగిన దినము వచ్చినచో, ఒకప్పుడు శిరా తోటలు నడచిన దారినే వారి పనితనమును నడచినట్లగును.

అంచు సన్నని వస్తువు. దానిని నమ్ముకొనియే మడి నిలుచును, నీరు నిలుచును, చీర నిలుచును. నమ్మకముగా పోసినచో ఒక కుటుంబమును నిలుచును.